స్వర్ణముఖి ఒడ్డున వ్రాతపని

పాఠ్యాంశ నేపథ్యం: దక్షిణ రాయలసీమలో శ్రీకాళహస్తి పట్టణం శివక్షేత్రంగా ఎంత ప్రసిద్ధమో, కలంకారీ వస్త్రాలకు కూడా అంతే ప్రసిద్ధం. రంగును అడ్డుకొనడం ద్వారా బొమ్మను తేల్చే భారతీయ వస్త్రకళా సంప్రదాయాలలో ఈ కళ ఎక్కడ నిలుస్తుందో, దాని పనితీరు ఏమిటో, నేడు అది ఎదుర్కొంటున్న చిక్కులేమిటో ఈ పాఠం వివరిస్తుంది.

వస్త్రానికి రంగు వేయడమంటే గుడ్డకు రంగును అంటించడమేనని లోకం సాధారణంగా భావిస్తుంది. భారతదేశపు ప్రాచీన అద్దకపు పనివారి దృష్టి వేరు. రంగు ఎక్కడ అంటాలి అన్నదానికంటె ఎక్కడ అంటకూడదు అన్నదే వారికి పెద్ద ప్రశ్న. మొత్తం గుడ్డను రంగు తొట్టిలో ముంచడం ఎవరైనా చేయగలరు. ముంచిన గుడ్డలో ఒక చుక్క మేర, ఒక గీత మేర తెలుపును చెక్కుచెదరకుండా పైకి తీయడంలోనే పనితనమంతా ఉన్నది.

ఇందుకు మన పూర్వులు కనిపెట్టిన ఉపాయాలు ప్రాంతానికొక తీరున ఉన్నాయి. గుజరాత్‌లోని కచ్చ్, జామ్‌నగర్ ప్రాంతాలలోనూ, రాజస్థాన్‌లోనూ గుడ్డను కొనగోటితో కొద్దిగా పైకి లాగి, దారంతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. దారం విప్పితే ముడి కింద దాగిన చోటు తెల్లని చుక్కగా మిగులుతుంది. కట్టడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుండియే ఆ వస్త్రానికి బాంధనీ అన్న పేరు వచ్చింది. సౌరాష్ట్రం నుండి వలస వచ్చి మధురలో స్థిరపడిన నేతకారులు ఇదే పద్ధతిలో సుంగుడి చీరలను తయారుచేశారు. తెలుగునాట ఈ ముడి గుడ్డమీద గాక నూలుమీద పడింది. చీరాలలో పేరుకెక్కిన తేలియా రుమాలుకు నేతకు ముందే నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను నానబెట్టి, లెక్క ప్రకారం ముళ్ళు వేసి, ఎరుపు, నలుపు రంగులలో ముంచేవారు. ముళ్ళు విప్పి నేస్తే బొమ్మ మగ్గంమీదనే తేలుతుంది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయిన ఈ రుమాళ్ళ పనితనమే తరువాత నల్గొండ ప్రాంతపు పుట్టపాక, పోచంపల్లి గ్రామాలలో వేళ్ళూనింది. ప్రపంచమంతా నేడు ఇక్కత్ అని పిలుస్తున్న పద్ధతి ఇదే. ఆ మాట మలయ్ భాషలోనిది. దానికీ కట్టడమనే అర్థం.

కట్టే పద్ధతి ఒకటైతే, పూసే పద్ధతి మరొకటి. రాజస్థాన్‌లో మట్టి ముద్దను అచ్చులతో గుడ్డమీద అద్ది రంగును అడ్డుకుంటారు. జావా ద్వీపంలో కరిగించిన మైనంతో బొమ్మ గీసి బాతిక్ వస్త్రాలు చేస్తారు. తిరుపతికి నలభై కిలోమీటర్లకు లోపే ఉన్న శ్రీకాళహస్తిలోనూ మైనమే ఒకనాడు ఈ కావలి పని చేసింది. అయితే కాళహస్తి పనివారు మైనంతో మాత్రమే ఆగలేదు. రంగును రానీయకుండా ఆపే మైనాన్ని, రంగును రప్పించే పటికను ఒకే గుడ్డమీద నడిపించారు. ఈ జోడింపే దానిని మిగిలిన వాటినుండి వేరు చేస్తున్నది.

శ్రీకాళహస్తి స్వర్ణముఖీ తీరాన ఉన్న వాయులింగ క్షేత్రం. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన మహోన్నత గోపురం 2010 మే నెలలో కూలిపోగా, దాని స్థానంలో నిర్మించిన కొత్త గోపురం 2017లో పూర్తయింది. శ్రీ అనగా సాలెపురుగు, కాళము అనగా సర్పము, హస్తి అనగా ఏనుగు. ఈ మూడింటి భక్తిని అష్టదిగ్గజ కవులలో ఒకడని చెప్పబడే ధూర్జటి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో కావ్యంగా మలచిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. నూలుతో, రంగుతో బ్రతుకు వెళ్ళదీసిన పనివారి ఊరికి దారంతో గుడి కట్టిన సాలెపురుగు పేరు మొదట రావడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం.

ఈ ఊరి వస్త్రాలు మొదటినుండి దేవాలయం చుట్టూ పెరిగినవి. గర్భగుడిలో తెరలుగా, రథాలకు అలంకారాలుగా, ఉత్సవాలలో వ్రేలాడదీసే పటాలుగా వాటిని వాడేవారు. నడుమ పట్టాభిషేకం వంటి ఒక పెద్ద ఘట్టం, దాని చుట్టూ అడ్డపట్టీలలో వరుసగా కథ, ప్రతి పట్టీమీద తెలుగు లిపిలో ఘట్టం పేరు ఉంటుంది. చదువు రానివారికి బొమ్మ, వచ్చినవారికి అక్షరం. పందొమ్మిదవ శతాబ్దినాటి కాళహస్తి రామాయణ వస్త్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చేరింది.

కలం అన్నది చేతిలోని పనిముట్టు, కారీ అంటే పని. ఈ పేరు పారశీక భాషనుండి వచ్చింది. తెలుగులో దీనిని వ్రాతపని అన్నారు. చిత్రించడమనక వ్రాయడమనడం ఆలోచించదగినది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, సముద్ర వ్యాపారంలో పెరిగిన మచిలీపట్నం పని చెక్క అచ్చులతో అద్దకానికి మళ్ళి, లతలు, పూలు, జీవవృక్షాలు ప్రధానంగా సాగింది. కాళహస్తి పనిలో అచ్చు లేదు, పూర్తిగా చేతివ్రాతే. ఈ రెండింటిలో ఏది గొప్ప అనే వాదం వ్యర్థం. రెండూ వాటివాటి నియమాలున్న నిజమైన సంప్రదాయాలే.

కాళహస్తి కలం చూడడానికి అతి సామాన్యం. మొన తీసిన వెదురు పుల్ల, మొనకు కాస్త పైన చుట్టి దారంతో కట్టిన గుడ్డ లేక ఉన్ని ఉండ, అంతే. ఉండను ద్రావణంలో ముంచి వ్రేళ్ళతో కొద్దిగా నొక్కితే ద్రావణం మొనకు దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో ఆ వ్రేళ్ళకే తెలియాలి.

గుడ్డను సిద్ధం చేయడంతో పని ఆరంభమవుతుంది. ముతక నూలుగుడ్డను బాగుగా ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి పిండి ఎండవేస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం, అనగా టానిన్, నూలు పోగులకు పట్టుకుంటుంది. పాలలోని వెన్న గీసిన గీత పక్కకు పాకకుండా కాపాడుతుంది. గేదెపాలు ఆవుపాలకంటె చిక్కన గనుక వాటినే ఎన్నుకున్నారు. ఆ తరువాత కాల్చిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మ రూపురేఖలు గీస్తారు.

నలుపుకు కావలసిన ద్రావణాన్ని ముందే ఊరవేసి ఉంచుకుంటారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే కసిమి తయారవుతుంది. కుండలో ఉన్నప్పుడు అది నల్లనిది కాదు. కరక్కాయ పట్టిన గుడ్డకు సోకగానే ఇనుము, టానిన్ కలిసి చిక్కని నలుపు పుడుతుంది. అంటే ఆ నలుపు పుట్టేది కుండలో కాదు, గుడ్డలో. అందుకే ఎన్ని ఉతుకులకైనా అది వదలదు.

ఎరుపు కథ ఇంకా విచిత్రమైనది. ఎక్కడెక్కడ ఎరుపు కావాలో అక్కడ పనివాడు పటిక నీటిని కలంతో పూస్తాడు. పటిక నీటికి చెప్పుకోదగిన రంగు లేదు. రాక్షసుని దేహమైనా, దేవి చీర అంచు అయినా ఎరుపును కళ్ళతో చూడకుండానే వ్రాయవలసి ఉంటుంది. పూసినచోటు పూర్తిగా ఎండనిచ్చి, పారే నీటిలో గుడ్డను జాడిస్తారు. పోగులను పట్టుకోని పటిక కొట్టుకొనిపోతుంది. ఆ తరువాత చిరివేరు లేక మంజిష్ఠ వేసి కాచిన కాగులో గుడ్డను ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట మసకగా అంటిన రంగును పేడనీటిలో నానబెట్టి, ఏటి ఇసుకలో పరచి, నీళ్ళు చల్లుతూ ఎండలో ఆరవేసి పోగొడతారు. గుడ్డ తెల్లబడుతుంది, ఎరుపు మరింత తేరుతుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దినాటి రోమన్ రచయిత ప్లినీ ఈజిప్టు పనివారు ఇట్టి పద్ధతిలోనే ఒకే కాగునుండి పలు రంగుల గుడ్డను తీసేవారని ఆశ్చర్యంతో వర్ణించాడు.

జాడించడానికి పారే నీరే ఎందుకన్న సందేహం కలుగవచ్చు. నిలువ నీటిలో గుడ్డను కదిపితే విడిపోయిన పటిక అక్కడే తిరుగుతూ తెల్లగా ఉండవలసిన చోట అంటుకుంటుంది. ఆ మచ్చ అప్పుడు కనిపించదు. కాగులో ఉడికి పైకి వచ్చిన తరువాతనే ఎర్రని మరకగా బయటపడుతుంది. అప్పటికి చేయగలిగినది ఏమీ ఉండదు. కాళహస్తి పని స్వర్ణముఖి ఒడ్డున స్థిరపడడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, ఈ నీటి అవసరం కూడా కారణమే.

ఎరుపు, నలుపు పటిక, ఇనుముల అధీనంలో ఉన్నవి. నీలి అట్లా లొంగేది కాదు. నీలిమందు నీటిలో కరగదు, పటికను లెక్కచేయదు. సున్నం, బెల్లం, తగిరిస విత్తనాల వంటివి వేసి కుండలో పులియబెట్టినప్పుడు అది పసుపు పచ్చని ద్రావణంగా మారి పోగులలోనికి ఇంకుతుంది. పైకి తీసి గాలి తగలగానే మొదట ఆకుపచ్చగా, పిమ్మట నీలంగా మారుతుంది. గాలి తగిలితే చాలు మారిపోయే ఈ ద్రావణాన్ని కలంతో నింపాదిగా వ్రాయడం సాధ్యం కాదు. మిగిలిన మార్గం ఒక్కటే. గుడ్డను కుండలోనే ముంచాలి. ముంచితే అంతా నీలమవుతుంది. కనుక నీలం అక్కరలేని చోటనంతా మైనంతో మూసివేయాలి.

ఇందులోని శ్రమను ఊహించడానికి ఒక రామాయణ పటాన్ని తీసుకొనవచ్చు. కాళహస్తి సంప్రదాయంలో రంగులకు కట్టుబాటు ఉన్నది. రాముడు, కృష్ణుడు నీలం, స్త్రీమూర్తులు పసుపు, రాక్షసులు ఎరుపు. పటంలో రాముని దేహం మహా అయితే జానెడు ఉండవచ్చు. ఆ జానెడు మేర నీలం రావడానికి మిగిలిన గజాల గుడ్డనంతా కరిగించిన మైనంతో కప్పవలసినదే. సీత ముఖం, హనుమంతుని తోక, అక్షరాల పట్టీ, ఏదీ వదలరాదు. ఒక్కచోట మైనం పలుచబడినా, ఎండకు పగిలినా నీలి లోనికి జారుతుంది. ఇందుకు వాడే కలం కూడా వేరు, ఇనుప మొనతో ఉంటుంది. నీలి పని ముగిశాక గుడ్డను వేడినీటిలో ఉడికించి మైనాన్ని తీసివేసేవారు. మైనంతో గీసిన సన్నని గీతలు నీలంలో తెల్లని నరాల వలె మెరిసేవి. పాత వస్త్రాలను మ్యూజియంలలో చూసినవారు ఆ గీతలను తేలికగా గుర్తుపడతారు.

నీలంమీద కరక్కాయ పువ్వు పసుపు పూస్తే ఆకుపచ్చ. దానికై వేరే రంగు లేదు. హనుమంతుడు పచ్చగా కనిపిస్తే అక్కడ రెండు పనులు ఒకదానిమీద ఒకటి జరిగాయని అర్థం.

దక్షిణ భారతపు ఈ అద్దకపు పద్ధతులను మొట్టమొదట వివరంగా వ్రాసి ఐరోపాకు పంపినవారిలో పుదుచ్చేరిలోని ఫ్రెంచి మతాచార్యుడు కర్దూ ఒకడు. 1742లో వ్రాసిన లేఖలో ఆయన గేదెపాలు, కరక్కాయ, చిరివేరు, మైనం పూత, నీలి కుండ అన్నింటినీ వరుసగా వర్ణించాడు. తెలుగు నేర్చి తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి భాషల నిఘంటువు కూర్చినవాడు, సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో గల చుట్టరికాన్ని 1767లోనే గుర్తించినవాడు ఈయనే. భాషా చరిత్రలో ఆయన పేరు తలచేవారు వస్త్ర చరిత్రలో ఆయన పాత్రను మరచిపోతుంటారు. ఆ లేఖ నిరపాయమైన పాండిత్యం కాదు. ఐరోపా అద్దకపు వర్తకులు ఎదురుచూస్తున్న రహస్యమది.

వారు ఎదురుచూడడానికి కారణమున్నది. కోరమండల తీరపు అద్దకపు గుడ్డలు ఐరోపాలో ఎంతగా అమ్ముడుపోయాయంటే, తమ నేతగాళ్ళను కాపాడుకొనడానికి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని సడలించలేదు. ఇంగ్లండు 1700, 1721 సంవత్సరాలలో చట్టాలు చేసింది. నూలుగుడ్డమీద ఉతికినా వెలవని రంగుల బొమ్మలు వేయడం అక్కడివారికి అంతకుముందు అంతగా తెలియదు. తరువాత పరిస్థితి తలక్రిందులయింది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగును కనిపెట్టాడు. 1868లో జర్మన్ శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. మన చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం అదే. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చింది. వేరు త్రవ్వేవానికి, నీలి ఊరవేసేవానికి, మైనం పూసేవానికి ఒకే కాలంలో పని తప్పింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి కాళహస్తిలో వ్రాతపని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు సారథ్యం వహించిన కమలాదేవి చట్టోపాధ్యాయ ఈ కళను నిలబెట్టడానికి పూనుకొన్నారు. 1950ల చివర శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వెలసింది. ఇంటిలో తండ్రినుండి కొడుకుకు మాత్రమే అందే పని బయటివారికి బడిలో అందడం అదే మొదలు. ఆనాటి గురువులలో జొన్నలగడ్డ లక్ష్మయ్య ఒకరు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి పురాణ ఘట్టాల చిత్రణలోను, సహజ రంగుల విషయంలోను ప్రామాణికుడుగా పేరుపొంది 2008లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. కాలక్రమాన స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఈ పనిలో ప్రవేశించారు. దేవాలయ పటాలకు తోడు చీరలు, దుపట్టాలు వచ్చాయి.

ఈ పునరుద్ధరణలో మైనం తిరిగి రాలేదు. నీలిని కలంతోను, కుంచెతోను నేరుగా పూసే తీరు స్థిరపడింది. పని సులువయింది, ధర అందుబాటులోకి వచ్చింది. తెల్లని నరాల గీతలు మాత్రం పోయాయి. దీనిని పతనమని నిందించడం సులభమే. కాని జానెడు నీలానికి గజాల గుడ్డను మైనంలో ముంచిన పనివానికి ఆ కూలి ఎవరిస్తారన్నది నిందించేవారు ముందుగా చెప్పవలసిన సంగతి.

ఇంతకంటె పెద్ద దెబ్బ మరొక దిక్కునుండి తగులుతున్నది. కాళహస్తి బొమ్మలను యంత్రాలమీద, స్క్రీన్లమీద రసాయనిక రంగులతో ముద్రించి, కలంకారీ అనే పేరుతోనే అమ్ముతున్నారు. చేతితో ఒక చీర వ్రాయడానికి వారాలు పట్టగా, స్క్రీన్‌మీద నిమిషాలలో అచ్చు పడుతుంది. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమలులోకి రాగా, దాని కింద శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో నమోదు లభించింది. అంతకుముందే పోచంపల్లి ఇక్కత్, అదే ఏడు మధుర సుంగుడి ఆ గుర్తింపు పొందాయి. కాని చట్టం పేరును కాపాడగలదే గాని, అంగడిలో పేరు అడగకుండా కొనే చేతిని ఆపలేదు.

నీటి చిక్కు వేరొకటి. స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, తిరుపతి దిక్కునుండి కాళహస్తి మీదుగా సాగి బంగాళాఖాతంలో కలిసే వానకాలపు ఏరు. వానలు కురిసినప్పుడు పొంగుతుంది, తక్కిన నెలలలో ఇసుక మేటలే కనిపిస్తాయి. పట్టణాలు పెరిగినకొద్దీ మురుగు కూడా అందులోనికే చేరుతున్నది. పారే నీరు దొరకనప్పుడు తొట్లలో నీరు మళ్ళీ మళ్ళీ మార్చి జాడించవలసి వస్తుంది. ఆ నీరు ఏమాత్రం తగ్గినా ఎర్రని మరక కాచుకొని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లానుండి విడివడి శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలో చేరింది. ఏటి చిక్కు మాత్రం జిల్లా మారినా మారలేదు.

నిజమైన వ్రాతపనిని గుర్తించడం అంత కష్టమేమీ కాదు. గుడ్డను తిరగవేసి చూడాలి. కసిమి, చిరివేరు పోగులలోనికి ఇంకే రంగులు గనుక వెనుకవైపు కూడా బొమ్మ దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. స్క్రీన్ అచ్చు అయితే వెనుక వెలవెలబోతుంది. గీతలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తాయి. ఒకే వరుసలో ఉన్న ఇద్దరు వానరుల ముఖాలు ఒకటిగా ఉండవు. కొత్తగా తయారైన వస్త్రమైతే ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలు, కరక్కాయ కలిసిన వాసన తగులుతుంది. కొన్ని ఉతుకుల తరువాత ఆ వాసన పోతుంది, నలుపు అట్లే ఉంటుంది.

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. శ్రీకాళహస్తి వ్రాతపనిలో నలుపు, ఎరుపు రంగులు రూపొందే తీరును వివరించండి.
2. నీలి రంగుకు మైనం ఎందుకు అవసరమయింది? ఆ పద్ధతి మరుగునపడడానికి గల కారణాలను చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బాంధనీ, తేలియా రుమాలు తయారీలలో ముడి వేసే తీరులో గల భేదమేమి?
2. పటిక పూసిన గుడ్డను పారే నీటిలోనే ఎందుకు జాడించాలి?
3. కర్దూ లేఖకు గల ప్రాముఖ్యం ఏమిటి?

ఇ. కింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
దేవాలయం, మహోన్నతం